కాశమ్మ గారి వేలిముద్ర

పోయిన వారం కాశమ్మను మనం పెదజాలారిపేటలో, సొంత ఇంటి గుమ్మం మీదే పరాయి మనిషిలా కూర్చోబెట్టి వచ్చాం. కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ అనే పెద్దమనిషి వచ్చి, గదులు రెండూ చూసుకుని, గురువారం ఉదయం పదకొండు గంటలకు పోలీసులతో వచ్చి తాళం వేస్తామని చెప్పి వెళ్ళాడు. ఈలోగా సామాను మీరే తీసేసుకుంటే మీకే మర్యాద అని కూడా అన్నాడు. చేపలమ్మి కూడబెట్టి, తన పేరున రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇల్లు అది. మొగుడు జగ్గయ్య బోటుకి కొత్త ఇంజను వేయించాలని ఆరేళ్ళ కిందట బ్యాంకులో అప్పు తెచ్చి, ఆ ఇంటి కాగితాలు అక్కడ పెట్టాడు. జగ్గయ్య గుండె ఆగి పోయి ఏడాదిన్నరైంది. బోటు తుక్కు కింద పోయింది. ఇక మిగిలింది ఇల్లు, ఆ ఇంట్లో కాశమ్మ, ఆమె కూతురు దుర్గ.

ఇవాళ బుధవారం. రేపు పడబోయే ఆ తాళాన్ని ఆపగలిగిన చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే. అది బ్యాంకు బాకీల ట్రిబ్యునల్.

పది గంటలకే వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది కాశమ్మ. కోర్టంటే బోను ఉంటుందని, బోనెక్కి నాలుగు మాటలు మాట్లాడొచ్చని అనుకుని వచ్చింది. రాత్రంతా ఆ నాలుగు మాటలూ లోపల్లోపల సర్దుకుంటూనే ఉంది. ఇక్కడ బోను లేదు. మాట్లాడేవాళ్ళు కూడా తక్కువే. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి కాగితాలు వెళుతున్నాయి, వస్తున్నాయి. ఎవరి కొంప ఏ కాగితంలో ఉందో ఆమెకు అంతు చిక్కలేదు. పక్కన దుర్గ చున్నీ కొసను వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. పరవాడ మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే ఆ పిల్ల ఈ రోజు కోసం సెలవు పెట్టి వచ్చింది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ముందు వరసలో కూర్చున్న కాశమ్మ వకీలు ఇంద్రజకు కూడా ధీమా లేదు. ఆమె కూర్మన్నపాలెం పిల్ల. గుడివాడ నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఫోర్‌మన్ గారి అమ్మాయి. నాలుగేళ్ళు ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా చేసి, రెండేళ్ళ కిందటే విడిగా బోర్డు పెట్టుకుంది. ఆ పెద్ద ప్లీడరే సీతారామాంజనేయులు గారు. ఆయనే ఈవేళ బ్యాంకు తరఫున ఎదురుగా కూర్చున్నారు. ఈ ట్రిబ్యునల్లో ఎలా నిలబడాలో, ఎంతలో ఆపాలో ఇంద్రజకు నేర్పింది ఆయనే. నేర్పినవాడితో తలపడటం ఎవరికీ సుఖం కాదు.

ఇంద్రజ చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆయుధం. ఇల్లు స్వాధీనం చేసుకోబోయే ముందు బ్యాంకు అరవై రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వాలి. అప్పు చేసినవాడికి ఇస్తే సరిపోదు. ఇల్లు పూచీ పెట్టినవాళ్ళకి కూడా విడిగా అందాలి. కాశమ్మకి అందలేదు. ‘నా సేతికి ఏ కాయితమూ రానేదు ప్లీడరమ్మా’ అని ఆమె మూడుసార్లు చెప్పింది. ఇంద్రజ దాన్నే ప్రమాణపత్రంగా రాసి, కాశమ్మ చేత సంతకం పెట్టించి దాఖలు చేసింది.

పన్నెండు దాటాక వాళ్ళ నంబరు పిలిచారు. ఇంద్రజ లేచి నిలబడి బాగానే మాట్లాడింది. నోటీసు లేకుండా వేసిన అడుగులన్నీ చెల్లవనీ, రేపటి స్వాధీనాన్ని ఆపాలనీ కోరింది. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని అక్కడందరూ జడ్జిగారనే అంటారు, మనమూ అలాగే అందాం. ఆయన తల ఊపుతూ రాసుకున్నారు. ఆ తల ఊపడం చూసి వెనక బెంచీ మీద దుర్గ చున్నీ వదిలేసింది.

సీతారామాంజనేయులు గారు తొందరపడే మనిషి కాదు. కళ్ళజోడు తుడుచుకున్నారు, పెట్టుకున్నారు. ఒక లావుపాటి కాగితాల కట్ట జడ్జిగారికి ఒకటి, ఇంద్రజకు ఒకటి ఇప్పించారు.

“బ్యాంకు రికార్డు మొత్తం దాఖలు చేస్తున్నాను సర్. అరవై నాలుగో పేజీ ఒక్కసారి చూడండి. మే రెండో తారీకున నోటీసు చేతికిచ్చి తీసుకున్న రసీదు. కింద కాశమ్మ గారి వేలిముద్ర ఉంది. ఆవిడ ఇక్కడే ఉన్నారు. కాదంటే వేలు చూపించమనండి.”

ఇంద్రజ పేజీ తిప్పింది. నల్లటి సిరాతో, స్పష్టంగా, బొటనవేలి ముద్ర. ఆమె వెనక్కి తిరిగి కాశమ్మ వైపు చూసింది. కాశమ్మ తన చేతుల వైపు చూసుకుంటోంది. ఆ చూపుతోనే ఇంద్రజకు సగం అర్థమైపోయింది.

“క్లయింటుతో మాట్లాడుకోవడానికి కొంచెం సమయం ఇప్పించండి సర్,” అంది.

“భోజనం తర్వాత,” అన్నారు జడ్జిగారు. “సాయంత్రానికి మాత్రం తేలిపోవాలి. రేపటి సంగతి ఇది.”

హాలు బయట మెట్ల పక్కన ఒక బెంచీ ఉంది. ఇంద్రజ తల్లీకూతుళ్ళని అక్కడికి తీసుకుపోయి, ఎదురుగా నిలబడింది. కూర్చోవాలని కూడా తోచలేదు ఆమెకు.

“ఆ వేలు మీదేనా అమ్మా?”

“నాదే.”

“మరి నాకు మూడుసార్లు అబద్ధం చెప్పారు.”

“అబద్దం ఆడనేదు ప్లీడరమ్మా. గంగమ్మ తల్లి మీద ఒట్టు. అది నోటీసని నాకెలా తెలుస్తాది? నాను ఏట డబ్బుల కాయితం అనుకున్నాను.”

అసలు సంగతి ఇది. ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా మరబోట్లు సముద్రం మీదకు వెళ్ళకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకూ బోటు మీద పనిచేసేవాళ్ళకి సర్కారు భృతి ఇస్తుంది. కాశమ్మ చెప్పే వేట డబ్బులు అవే. దానికోసం ఒడ్డుకి పేర్లు రాసుకునేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు, వేలిముద్రలు వేయించుకునేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆ రోజుల్లో కాగితాలు పట్టుకుని ఎవరు కనబడినా జాలారిపేటలో జనం ఎదురెళ్ళి వేలు చాపుతారు. ఎందుకు అని అడిగితే జాబితాలోంచి పేరు ఎగిరిపోతుందని వాళ్ళ భయం. జగ్గయ్య చనిపోయిన ఏడాది అతని భృతి ఎక్కడో ఆగిపోయింది. దానికోసం కాశమ్మ తిరగని ఆఫీసు లేదు.

“జగ్గయ్య గోరి ఇంటిది నువ్వేనా అని అడిగినాడు ఆ బాబు. నానే అన్నాను. ఇక్కడ సంతకం ఎట్టమన్నాడు. నెత్తల్లు ఆరబోత్తన్నాను అమ్మా, సేతుల నిండా ఉప్పు, నీసు. ఆడి పెన్ను కంపు కొడతాదని నానే ఏలు ఏసేత్తానన్నాను. ఒక కవరు సేతికిచ్చి ఎల్లిపోనాడు.”

“ఆ కవరు ఏమైంది?”

కాశమ్మ జవాబు చెప్పడానికి సిగ్గుపడింది. “తడిసిపోతాదని బుట్ట కింద ఎట్టినాను. ఎవులికో నెత్తల్లు పొట్లం కట్టీసినాను కామోసు.”

ఇంద్రజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటి ప్రాణం ఉన్న కాగితంలో ఎవరింటికో పావుకిలో ఎండిన నెత్తళ్ళ చేపలు వెళ్ళిపోయాయి. ఈ మాట లోపలికి వెళ్ళి చెబితే జడ్జిగారు నమ్మినా నమ్మకపోయినా ఒకటే. నోటీసు అందిన మాట నిజం. అందలేదని ప్రమాణం చేసిన మాటా నిజం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇల్లు పోవడమే కాకుండా అబద్ధపు ప్రమాణమని కాశమ్మ నెత్తిన ఇంకొకటి పడుతుంది.

మెట్ల మీద నుంచి దిగుతూ సీతారామాంజనేయులు గారు ఆగారు. ఆయన గొంతులో వెటకారం లేదు. అదే ఇంద్రజకు ఎక్కువ బాధేసింది.

“క్లయింటు చెప్పింది సగమే వినాలని నీకు ఎన్నిసార్లు చెప్పానమ్మా. వాళ్ళని రేపటిలోగా సామాను తీసుకోమను. కావాలంటే నాలుగు రోజులు గడువు నేనే అడిగి ఇప్పిస్తాను.” అని క్యాంటీను వైపు వెళ్ళిపోయారు.

“నాలుగు రోజులేటి మేడమ్?” అంది దుర్గ. ముఖం తెల్లగా పాలిపోయింది. “ఇంకేం దారి నేదా?”

“చూద్దాం. ఈ కట్టలో ఇంకేమైనా దొరుకుతుందేమో చూద్దాం.” ఇంద్రజ బ్యాంకు రికార్డు విప్పి బెంచీ మీద పెట్టింది. మొదటి పేజీ దగ్గర్నుంచి తిప్పుతోంది.

“నాను నీల్లు అట్టుకొత్తాను,” అని దుర్గ లేచి వెళ్ళిపోయింది. ఆమె సంచిలో నీళ్ళ సీసా నిండుగానే ఉంది. కాగితాల్లో తల దూర్చిన ఇంద్రజ ఆ సంగతి గమనించలేదు.

అప్పు దరఖాస్తు, ఇంజను కొటేషను, ఇంటి దస్తావేజు నకలు. పదిహేడో పేజీలో పూచీ ఒప్పందం. ఆరేళ్ళ కిందట, మార్చి నెలాఖరున రాసింది. టార్గెట్లు పూర్తి చేయడానికి బ్యాంకులు కళ్ళు మూసుకుని అప్పులిచ్చే రోజులవి. కింద కాశమ్మ ఫొటో, పక్కనే ఒక వేలిముద్ర. ఇంద్రజ ఊరికే అరవై నాలుగో పేజీ తిప్పి రసీదు మీద ముద్ర చూసింది. మళ్ళీ పదిహేడుకి వచ్చింది. మళ్ళీ అరవై నాలుగు.

“కాశమ్మ గారూ, మీ ఎడమచేయి ఇలా ఇవ్వండి.”

ఎడమ బొటనవేలికి అడ్డంగా ఒక పాత గాటు ఉంది. తాడు కట్టి బిగించినట్టు లోతుగా.

“ఇది ఎప్పటిది?”

“నా పెల్లయిన ఏడాదిది. సొరసేప కోత్తన్నప్పుడు కత్తిపీట తెగ్గొట్టీసింది. ఏటమ్మా?”

రసీదు మీది ముద్రలో ఆ గాటు తెల్లటి గీతలా అడ్డంగా పడింది. పూచీ ఒప్పందం మీది ముద్రలో గీత లేదు. లేత వేలు, చిన్న వేలు, గీతలన్నీ నున్నగా ఉన్నాయి. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. బ్యాంకు తన పట్టు బిగించడానికి తెచ్చిన కాగితమే బ్యాంకు మెడకి చుట్టుకుంది. అరవై నాలుగో పేజీ లేకపోతే పదిహేడో పేజీ దొంగదని ఎవరూ కనిపెట్టలేకపోయేవారు.

“అమ్మా, ఈ అప్పుకి ఇల్లు పూచీ పెడుతూ మీరు బ్యాంకుకి ఎప్పుడైనా వెళ్ళారా? ఎక్కడైనా వేలు వేశారా?”

“నేదు. ఇంటి కాయితాలు అట్టుకెల్లి ఇచ్చీసినానన్నాడు ఆయన. అలగిచ్చీత్తే సాలనుకున్నాను.”

“చాలదు. మీ ఇల్లు మీరు స్వయంగా పూచీ పెట్టాలి. ఇది మీ వేలు కాదు.” ఇంద్రజ గొంతు పెరిగింది. “ఈ ఒప్పందమే దొంగదైతే మీ ఇంటి మీద బ్యాంకుకి హక్కేముంది? రేపు మాత్రమే కాదు, ఇక ఎప్పుడూ రాలేరు. నేను రెండుసార్లు అన్నాను, పాత రికార్డు తెప్పిద్దామని. దుర్గే వద్దంది, నోటీసు రాలేదు కదా, అది చాలదా అని.”

కాశమ్మ ఆ మాటలు విన్నట్టు లేదు. కాగితం మీదకి వంగి చూస్తోంది. వేలిముద్ర చుట్టూ ఎవరో చేత్తో రాశారు: ‘కాశమ్మ గారి ఎడమచేతి బొటనవేలి ముద్ర’.

కాశమ్మకు చదువు రాదు. ఈ లోకంలో ఆమె చదవగలిగింది ఒకే ఒక్క మాట, తన పేరు. డ్వాక్రా గ్రూపులో సంతకం వస్తేనే పుస్తకం ఇస్తామంటే, ఎనిమిదో తరగతి చదువుతున్న దుర్గ నోట్సులో ఆ పేరు రాసిచ్చి, తల్లి చేయి పట్టుకుని వారం రోజులు దిద్దించింది. దుర్గ రాసే ‘శ’కి ఒక తోక ఉంటుంది. కొనను కిందకి లాగి, పక్కనున్న ‘మ్మ’ ఒత్తు కింద దాకా తీసుకుపోతుంది. టీచరు కొట్టినా ఆ అలవాటు పోలేదు. కాశమ్మ కూడా ఆ తోకతోనే నేర్చుకుంది. అక్షరానికి తోకేమిటని గ్రూపు లీడరు ఎగతాళి చేస్తే, మా గుంట నేర్పింది అలగే, నాను అలగే ఎడతాను అంది.

ఆ తోక ఇక్కడ ఉంది.

కాశమ్మ వేలితో దాన్ని తాకింది. ఒత్తు కింద దాకా తాకి, చేయి తీసేసింది. మొగుడు మోసం చేశాడంటే ఆమెకు ఆశ్చర్యం లేదు. బోటు పేరు చెబితే ఆయన దేనికైనా తెగించేవాడు. ఆ మోసానికి బిడ్డ చేత కలం పట్టించాడన్నదే తట్టుకోలేకపోయింది. ఆ కాగితం రాసిన యేడు దుర్గ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది.

“ఈ రాత రాసినోల్లకి ఏటవుద్ది ప్లీడరమ్మా?”

ఇంద్రజ అప్పటికే లోపల ఏం మాట్లాడాలో నోట్సు రాసుకుంటోంది. వకీళ్ళకి పాయింటు దొరికితే ఎదుటి మనిషి కనబడదు. తల ఎత్తకుండానే చెప్పింది. “దొంగ కాగితం తయారు చేయడం, మోసం. పోలీసు కేసు పెడతారు. ఏళ్ళ తరబడి జైలు.”

“ఆయన పోనాడు కదా.”

“పోయినవాళ్ళని ఎవరూ ఏమీ చేయరమ్మా. బతికున్నవాళ్ళనే పట్టుకుంటారు. వేలు వేసినావిడని, రాసినవాళ్ళని. దొరక్క ఎక్కడికి పోతారు. వాళ్ళ గురించి మీకెందుకు దిగులు?”

కాశమ్మ ఆ పేజీ మూసేసింది. కంపెనీలో చేర్చుకునే ముందు దుర్గ మీద ఏ కేసూ లేదని పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్న సంగతి ఆమెకు గుర్తుంది. ఆ కాగితం కోసం తనే కూతురి వెంట వెళ్ళి స్టేషన్ బయట ఎండలో నిలబడింది. జాలారిపేటలో తమ వీధిలో నెలజీతం తెచ్చుకునే మొదటి ఆడపిల్ల దుర్గ.

దుర్గ నీళ్ళు తెచ్చింది. తల్లి తాగకుండా సీసా ఒళ్ళో పెట్టుకుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

రెండున్నరకి మళ్ళీ పిలిచారు.

ఇంద్రజ వెంటనే లేచింది. ముందు నోటీసు సంగతి దాచకుండా చెప్పేసింది. రసీదు మీది వేలు కాశమ్మదేననీ, వేట నిషేధం రోజుల్లో భృతి కాగితమనుకుని వేసిందనీ, ప్రమాణపత్రంలో ఆ మాట సరిదిద్దుకోవడానికి అనుమతి కావాలనీ అడిగింది. సీతారామాంజనేయులు గారు మెచ్చుకోలుగా తల ఊపారు. దాచకుండా ఒప్పుకోవడం ఆయన నేర్పిందే. తర్వాత ఇంద్రజ, “పదిహేడో పేజీ, అరవై నాలుగో పేజీ పక్కపక్కన పెట్టి చూడండి సర్,” అంది. ఆయన తల ఊపడం ఆగిపోయింది.

జడ్జిగారు భూతద్దం తెప్పించుకున్నారు. చాలాసేపు చూశారు.

“తేడా ఉన్నట్టే ఉంది,” అన్నారు. “ఏమంటారు సీతారామాంజనేయులు గారూ?”

“ఆరేళ్ళలో వేళ్ళు మారతాయి సర్. గాట్లు పడతాయి. ఇదంతా నిపుణులు తేల్చాల్సిన సంగతి. అంతదూరం ఎందుకు? ఆవిడ ఇక్కడే ఉన్నారు. ఆవిణ్ణే అడగండి.”

జడ్జిగారు కాశమ్మని ముందుకి రమ్మన్నారు. రాత్రంతా సర్దుకున్న నాలుగు మాటలూ మాట్లాడే అవకాశం చివరికి వచ్చింది. ఆమె కొంగు భుజం మీదకి లాక్కుని బల్ల ముందు నిలబడింది.

“భయపడకుండా చెప్పమ్మా. ఇది బ్యాంకు పూచీ కాగితం. దీని మీద ఉన్న వేలిముద్ర నీదేనా, కాదా?”

ఇంద్రజ కళ్ళతోనే చెప్పమంటోంది. కాదండీ అనే ఒక్క మాట. ఆ మాటతో ఇల్లు నిలబడుతుంది.

“నాదేనండి బాబూ,” అంది కాశమ్మ.

ఇంద్రజకు తాను సరిగ్గా విన్నానో లేదో అర్థం కాలేదు. “కాశమ్మ గారూ, సరిగ్గా చూడండి. సర్, ఆవిడ ఎడమచేతి వేలు మీరే స్వయంగా చూడండి. ఆ గాటు ఇప్పటిది కాదు.”

కాశమ్మ ఎడమచేతిని గుప్పిట బిగించి కొంగులో దాచేసుకుంది. “సూడక్కర్నేదు బాబూ. నాదే. నానే ఏసినాను. మా ఆయన ఏయమన్నాడు, ఏసినాను. ప్లీడరమ్మకి తెల్దు.”

పూచీ తనే ఇచ్చినట్టు ఆమె నోటితో ఆమే ఒప్పుకున్నాక ఇంకేముంది. జడ్జిగారు ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశారు. అబద్ధం ఎటువైపు ఉందో పోల్చుకోవాలని ప్రయత్నించినట్టున్నారు. తర్వాత స్టెనో వైపు తిరిగి ఇంగ్లీషులో ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. అర్జీదారు రెండు ముద్రలూ తనవేనని స్వయంగా అంగీకరించినందున, స్వాధీనాన్ని నిలుపుదల చేయడానికి ఆధారం కనబడనందున. ఇంద్రజ నిలబడే వింటోంది. కోపమో అవమానమో తెలియదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కాశమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ గొంతు తీరు బట్టి ఇల్లు పోయిందని తెలుసుకుని, వెనక్కి తిరిగి బెంచీ వైపు నడవబోయింది.

బెంచీ దగ్గర దుర్గ లేచి నిలబడి ఉంది.

“ఆగండి సార్. అమ్మ అబద్దం సెప్తంది.”

“కూకో,” అంది కాశమ్మ గట్టిగా. “నువ్వు కూకోయే. నీకేటి తెలుసు?”

“నాకే తెలుసు.” దుర్గ ముందుకి వచ్చింది. తల్లి చేయి అడ్డం పెడితే పక్కకి తప్పించి వచ్చింది. మాటలు స్పష్టంగానే ఉన్నాయి. “ఆ కాయితం మీద రాత నాదండి. అమ్మకి నా రాత తెలుసు. అందుకే నాదే అనీసింది. రాతొక్కటే కాదండి. ఏలు కూడా నాదే.”

కాశమ్మ కూతురి చేతి వైపు చూసింది. రాత సంగతి ఆమెకు తెలుసు. వేలి సంగతి తెలియదు.

“అమ్మ సంతకం ఎట్టమన్నాడు మా నాన్న. దొంగసంతకం ఎట్టనన్నాను. మరైతే ఏలు ఏయ్, సంతకమైతే దొరికిపోతాం గానీ ఏలైతే ఎవులు సూత్తారు అన్నాడు. నా సెయ్యి అట్టుకుని ఆయనే ఏయించీసినాడు. అమ్మకి సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి. అమ్మ సంతకి ఎల్లింది ఆ పూట. సంతకం కాదు కదా, ఏలే కదా అనుకున్నాను.”

స్టెనో వేళ్ళు ఆగిపోయాయి. జడ్జిగారు కలం కింద పెట్టారు.

సీతారామాంజనేయులు గారు లేచారు. ఆయన ముఖంలో కూడా సంతోషం లేదు గానీ, బ్యాంకు ఫీజు తీసుకున్న మనిషి. చేయాల్సింది చేయక తప్పదు.

“సర్, నిండు ట్రిబ్యునల్లో తన నోటితో ఒప్పుకుంది. ఈ మాటలు రికార్డు చేయించి, పోలీసులకి రాయండి. అప్పటిదాకా ఈ అమ్మాయిని ఇక్కణ్ణించి కదలనివ్వద్దు. ఇంకొక మాట. ఇంద్రజ గారు ఈ కాగితం దొంగదని రుజువు చేయాలంటే ఈ అమ్మాయి చేతే చెప్పించాలి. అమ్మాయిని కాపాడాలంటే నోరు మూయించాలి. రెండూ ఒక్క వకీలు చేయడం కుదరదు.”

జడ్జిగారు ఇంద్రజ వైపు తిరిగారు. “నిజమే కదమ్మా. తేల్చుకుని చెప్పండి. మీరిప్పుడు మాట్లాడుతున్నది ఎవరి తరఫున? తల్లి తరఫునా, కూతురి తరఫునా?”

ఇంద్రజ ఫైలులో ఉన్న వకాలతు ఒక్కటే. అది కాశమ్మది. చట్టం ప్రకారం జవాబు కూడా ఒక్కటే. ఆ వకాలతు మీద చేయి పెట్టి ఆమె దుర్గ వైపు చూసింది.

ఆమె అనేలోపే కాశమ్మ కూతుర్ని రెండు చేతులతో తన వెనక్కి లాక్కుని, బల్ల ముందుకి వచ్చింది.

“గుంట తరపునండి బాబూ. ఇల్లు అట్టుకుపోమని రాసీసుకోండి.”